ఖసూర్ ఎవరిదో తేలకముందే ఫైసలా ఇచ్చేశాను



ఈసారి కంప్యూటర్ సంగతి రాస్తున్నాను. "ఇది మనకెందుకు భాయ్" అని పక్కన పెట్టేయకండి. డిప్లొమానో ఇంజనీరింగో చదివే పిల్లలు మన ఖాందాన్‌లలో ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు. తహ్‌ఖీఖ్ చేయకుండా ఆ పిల్లల మీద మనం వేసే ఇల్జామ్ గురించే ఇదంతా. ఇల్జామ్ వేసినవాణ్ణి నేనే కాబట్టి నా ఇంటి సంగతే చెబుతాను.

అనంతపురం పాతూరులో నాది చిన్న జిరాక్స్, డీటీపీ దుకాణం. పెద్దమ్మాయి కంప్యూటర్ బ్రాంచ్‌లో ఆఖరి సంవత్సరం. కొత్త ల్యాప్‌టాప్ కొనే హైసియత్ లేక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ తెచ్చిచ్చాను. అందులో ర్యామ్ 4 జీబీ. "చాలదబ్బా" అంది. దుకాణంలో మూలన పడేసిన పాత మిషన్ నుంచి ఇంకో 4 జీబీ స్టిక్ ఊడదీసి నా చేత్తోనే తొడిగాను. పైసా ఖర్చు లేకుండా 8 జీబీ అయ్యింది. ఇద్దరం ఖుష్. ఈ స్టిక్‌ను గుర్తు పెట్టుకోండి.

అమ్మాయి ప్రాజెక్ట్ కూడా మన నేలదే. కళ్యాణదుర్గం వైపు వాళ్ల నానీ ఊళ్లో అందరిదీ శెనక్కాయ సేద్యం. ఆకు మీద మచ్చ కనబడిందంటే అది తిక్క తెగులా, మరొకటా అని రైతు తేల్చుకునేలోపే చేను చేయిజారుతుంది. ఫోన్‌లో ఆకు ఫోటో తీస్తే ఏ మచ్చో చెప్పే ప్రోగ్రామ్ రాయాలని అమ్మాయి ఇరాదా. దానికి ఓపెన్‌సీవీ అనే లైబ్రరీ కావాలి. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో అది తయారుగానే దిగుతుంది. కానీ అందులో సర్ఫ్ అనే పద్ధతిని పేటెంట్ కారణంగా ‘నాన్ ఫ్రీ’ ఖానాలో పెట్టారు. తయారు ప్యాకేజీలో అది రాదు. కావాలంటే సోర్స్ కోడ్ దించుకుని, ఆ మీట మనమే తిప్పి, మన మిషన్‌లోనే బిల్డ్ చేసుకోవాలి.

విండోస్ తీసేసి ఉబుంటు వేసుకుంది. ముందు చెయ్యి తిరగడానికి చిన్నదొకటి బిల్డ్ చేస్తానని హార్ఫ్‌బజ్ తెచ్చింది. ఆ పేరు వినగానే నాకు దిల్‌చస్పీ కలిగింది. పేరు ఫార్సీ నుంచి వచ్చింది: హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ దాని వెనుక ఉన్న ముఖ్య ప్రోగ్రామర్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోన్, అన్నిట్లో అక్షరాలను కూర్చేది అదే. తెలుగు వత్తును కిందికి చేర్చేదీ, ఉర్దూ నస్తాలీఖ్‌లో హర్ఫ్‌ను హర్ఫ్‌తో కలిపేదీ ఒకే లైబ్రరీ. ఇరవై ఏళ్లుగా షాదీ కార్డుల్లో ఈ రెండు లిపులతో కుస్తీ పడుతున్నవాణ్ణి కదా, నా ముందే అది తప్పు లేకుండా బిల్డ్ అయితే ముచ్చటేసింది. "మిషన్ బాగుంది" అని ఇద్దరం యఖీన్ చేసుకున్నాం. అదే మొదటి పొరపాటు. చిన్న పనికి ఆగని మిషన్ పెద్ద పనికీ ఆగదని కాదు.

ఓపెన్‌సీవీ మొదలుపెట్టిన రాత్రి కాసేపటికే తెర మీద ‘కిల్డ్’ అని పడి ఆగిపోయింది. మళ్లీ నడిపింది, మళ్లీ కిల్డ్. రెండు రోజులు ఏవేవో చదివి ఆ గండం దాటింది. అప్పుడు ఇంకోటి: ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్, సెగ్మెంటేషన్ ఫాల్ట్’. కాలేజీలో ఒక సీనియర్ "నీ కోడ్‌లోనే తప్పుంటుంది" అన్నాడు. రిపేర్ దుకాణంలో మూత కూడా తెరవకుండా "మదర్‌బోర్డ్ పోయింది" అన్నారు. నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. "బంగారంలాంటి మిషన్. విండోస్ పీకేసి నువ్వే చెడగొట్టావు. తెలియని పని ఎందుకు పెట్టుకుంటావు?" అన్నాను. వాళ్లమ్మ ముందు, తమ్ముడి ముందు అన్నాను.

పిల్ల జవాబివ్వలేదు. మర్నాడు పొద్దున వచ్చి, "అబ్బా, తయారు ప్రాజెక్ట్ ఎనిమిది వేలకు ఇస్తారంట. మా క్లాసులో చానామంది తీసుకున్నారు. నాతో కాదు, కొనేద్దాం" అంది. సరే అన్నాను. డబ్బు కూడా లెక్కపెట్టి పక్కన పెట్టాను.

ఆ సాయంత్రం బెంగళూరు నుంచి వాళ్ల మామూ ఫోన్ చేశాడు. సంగతంతా విని ఒక్కటే సవాల్ అడిగాడు. "బేటీ, మళ్లీ నడిపినప్పుడు అదే ఫైల్ దగ్గర ఆగుతోందా, వేరే ఫైల్ దగ్గరా?"

అమ్మాయి రెండు నిమిషాలు తన నోట్‌బుక్ చూసింది. "వేరే వేరే చోట మామూ. ఒకసారి ఆగిన ఫైల్ రెండోసారి దాటిపోతోంది. తర్వాత ఇంకెక్కడో పడుతోంది."

"అయితే ఖసూర్ నీది కాదు, కంపైలర్‌దీ కాదు. మిషన్‌ది."

ఒక్క సవాల్‌తో కేసు మలుపు తిరిగింది. ఎందుకో నాకు తర్వాత అమ్మాయే విడమరిచి చెప్పింది. నాకు అర్థమైన భాషలో మీకు చెబుతాను.

కంపైలర్‌ను దర్జీ అనుకోండి. మనం రాసిన కోడ్ గుడ్డ. గుడ్డ చాలకపోతే, కొలత తప్పుంటే దర్జీ చెబుతాడు: "ఫలానా చోట తప్పుంది, సరిచేసుకుని రండి." అది మామూలు ఎర్రర్. అది మన తప్పే, మనమే దిద్దుకోవాలి. కానీ కుడుతూ కుడుతూ దర్జీ తానే స్పృహ తప్పి పడిపోతే? గుడ్డ ఎంత చెడ్డదైనా దర్జీ పడిపోకూడదు. లినక్స్‌లో ఎక్కువగా వాడే కంపైలర్ జీసీసీ. 1987 నుంచి ఉన్నది. దాన్ని తయారుచేసినవాళ్లే మాన్యువల్లో ఈ ఉసూల్ పెట్టారు: లోపలికి ఎలాంటి కోడ్ వచ్చినా సరే, కంపైలర్ క్రాష్ కాకూడదు. అంటే క్రాష్ అయినప్పుడు కోడ్ రాసిన పిల్ల మీద షక్ పడటానికి వీల్లేదు. దర్జీ ఎందుకు పడ్డాడో చూడాలి. కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది ఆకలి. ‘కిల్డ్’ అని పడేది అక్కడ. బిల్డ్ చేసేటప్పుడు ‘మేక్’ కమాండ్ పక్కన ‘జె’ అని రాసి ఒక అంకె ఇస్తారు, ఒకేసారి ఎన్ని ఫైళ్లు నడపాలో చెప్పడానికి. అమ్మాయి తొందరలో అంకె ఇవ్వకుండా ఉత్త జె రాసింది. అంకె లేకపోతే దానికి హద్దు లేదు, వీలైనన్ని ఫైళ్లు ఒక్కసారే మొదలవుతాయి. సీ ప్లస్ ప్లస్‌లో పెద్ద ఫైల్ ఒక్కటే ఒక జీబీ దాకా మింగగలదు. మన చేన్లలో ఏమవుతుందో తెలుసు కదా. త్రీఫేజ్ కరెంట్ రాగానే అందరూ మోటార్లు ఒక్కసారే వేస్తారు, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. ఇక్కడ మెమరీ అయిపోగానే లినక్స్ కెర్నల్ తాను బతకడానికి బాగా మెమరీ తింటున్న ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. చావు కంపైలర్‌ది, చంపింది కెర్నల్, కారణం మన తొందర. ‘డీమెసేజ్’ కమాండ్ కొడితే ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని, ఫలానా ప్రాసెస్‌ను చంపానని కెర్నల్ తానే ఒప్పుకుని రాసి ఉంటుంది. ఇంత సాఫ్ గవాహీ ఇచ్చే నేరస్థుడు ఇంకెక్కడా దొరకడు. ఇలాజ్ కూడా తేలికే: జె2 అనో జె1 అనో ఇవ్వడం, హార్డ్ డిస్క్‌లో కొంత జాగా స్వాప్ ఫైల్‌గా కేటాయించడం. పని మెల్లగా అవుతుంది, కానీ అవుతుంది. అమ్మాయి మొదటి గండం ఇలాగే దాటింది.

రెండోది జబ్బు. మిషన్ లోపలి జబ్బు. దీని గుర్తే మామూ అడిగిన సవాల్. కంపైలర్ ఒక లెక్క. అదే కోడ్, అదే మిషన్ అయితే ప్రతిసారీ అదే చోట ఆగాలి. చోటు మారుతోందంటే లెక్క చేసే పలకే చెడిందన్నమాట. ఆశ్చర్యం ఏమిటంటే ఈ తేడాను జీసీసీయే పట్టి చూపగలదు. ఉబుంటు లాంటి వాటిలో అది క్రాష్ అయ్యాక అదే ఫైల్‌ను తానే మళ్లీ నడిపి చూస్తుంది. రెండోసారి తప్పు రాకపోతే, ఇది బహుశా హార్డ్‌వేర్ సమస్యో ఆపరేటింగ్ సిస్టమ్ సమస్యో అని ఒక వరుస రాస్తుంది. ఆ వరుస మా తెర మీద మొదటి రాత్రి నుంచీ ఉంది. అమ్మాయి నోట్‌బుక్‌లో ఎక్కించింది కూడా. నేను చదవలేదు, రిపేర్ దుకాణంలో చదవలేదు, సీనియర్ చదవలేదు.

మరి సినిమా బాగానే ఆడుతోంది కదా, టైపింగ్ అవుతోంది కదా అంటారు. నేనూ అదే అన్నాను. సినిమాలో ఒక బిట్ తారుమారైతే తెర మీద ఒక చుక్క రంగు మారుతుంది, కంటికి ఆనదు. కంపైలర్ మెమరీ నిండా రాసుకునేవి చిరునామాలు, ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే దారులు. చిరునామాలో ఒక్క అంకె మారితే లేని ఇంటి తలుపు తట్టినట్టే. ఆ తప్పుడు తలుపే సెగ్మెంటేషన్ ఫాల్ట్. లినక్స్‌లో దాని నంబర్ 11. 1990ల్లోనే రోజియర్ వోల్ఫ్ అనే నెదర్లాండ్స్ ప్రోగ్రామర్ ఈ సిగ్నల్ 11 మీద సవాల్ జవాబులు రాసి పెట్టాడు. కెర్నల్ కంపైల్ చేస్తుంటే జీసీసీ ఎక్కడపడితే అక్కడ పడిపోతోందా, ముందు ర్యామ్‌ను చూడండి అనేది అందులోని అసలు మాట.

ఇది పాత మిషన్ల గొడవ మాత్రమే అనుకోకండి. 2017లో ఏఎమ్‌డీ కంపెనీ కొత్త రైజెన్ చిప్పులు కొన్నవాళ్లు లినక్స్‌లో పెద్ద బిల్డ్‌లు నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చింది. మొదట ఎవరికి వాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌నే అనుమానించుకున్నారు. ఆ ఆగస్టులో కంపెనీయే ఒప్పుకుని చిప్పులు మార్చి ఇచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం చిప్పుల సంగతి కూడా ఇలాంటిదే. ఆటలు మొదలయ్యేటప్పుడు షేడర్లు కంపైల్ అవుతుంటే ‘వీడియో మెమరీ చాలలేదు’ అని పడేది. పాపం గ్రాఫిక్స్ కార్డ్ మీద నింద. తీరా చూస్తే ప్రాసెసర్ ఎక్కువ వోల్టేజ్ అడగడం వల్ల వచ్చిన తంటా అది. ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. లక్షలు పోసి కొన్నవాళ్ల దగ్గరే ఇల్జామ్ తప్పు మనిషి మీద పడిందంటే పాతూరు సెకండ్ హ్యాండ్ మిషన్ సంగతి చెప్పేదేముంది.

మూడోది నిజంగా దర్జీ లోపమే. ఎన్నిసార్లు నడిపినా, ఇంకో మిషన్‌లో నడిపినా, అదే ఫైల్ అదే వరుస దగ్గర పడితే అది కంపైలర్ బగ్. అప్పుడు ఆ ఫైల్‌ను, కంపైలర్ వెర్షన్‌ను జతచేసి జీసీసీ బగ్‌జిల్లాలో రాయాలి. ఇంకో వెర్షన్ వేసి చూడాలి. అదీ ఒక ఖిద్మతే. కానీ చోటు మారుతున్నప్పుడు అక్కడ రాస్తే వాళ్ల వక్త్ వృథా.

మా ఇంట్లో తహ్‌ఖీఖ్ ఇలా నడిచింది. కరెంట్ వైరు పీకి మూత తీశాం. ఫ్యాన్ రెక్కల మీద మన అనంతపురం ఎర్ర దుమ్ము అట్టకట్టింది. బ్రష్‌తో తీసేశాం. వేడి తగ్గింది, క్రాష్ తగ్గలేదు. ఆ రాత్రి మిషన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే మెనూలో మెమ్‌టెస్ట్ ఎంచుకుంది. ఇషా నమాజ్ అయ్యాక మొదలుపెట్టి పడుకున్నాం. ఫజర్‌కు లేచి చూస్తే తెర నిండా ఎర్ర వరుసలు. ఒక స్టిక్ తీసి రెండోదానితో నడిపింది. తర్వాత రెండోది తీసి మొదటిదానితో. స్లాట్‌లు కూడా మార్చి చూసింది, తప్పు స్లాట్‌దా స్టిక్‌దా తేలాలి కదా. మూడో రోజుకు తేలింది. మిషన్‌తో వచ్చిన స్టిక్ బేకసూర్. ఎర్ర వరుసలన్నీ నేను దుకాణం మూల నుంచి తెచ్చి తొడిగిన స్టిక్‌వి.

అమ్మాయి దాన్ని నా అరచేతిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

మిగిలిన 4 జీబీతోనే మళ్లీ మొదలుపెట్టింది. చెడ్డ ర్యామ్‌తో దించిన సోర్స్‌నూ, సగం అయిన బిల్డ్‌నూ నమ్మకూడదని అన్నీ చెరిపేసి, కొత్తగా దించి, చెక్‌సమ్ సరిచూసుకుంది. జె1, స్వాప్ ఫైల్. రాత్రంతా నడిచింది. పొద్దున నూరు శాతం అని పడింది. ఆ రోజు నానీ ఊరి నుంచి వచ్చిన ఆకు ఫోటోల మీద మొదటి ప్రోగ్రామ్ నడిపింది. సగం తప్పు చెప్పింది. "ఇది మాత్రం నా తప్పే అబ్బా" అని నవ్వింది. ఆ నవ్వు ఎనిమిది వేలకు దొరికేది కాదు.

ఇక నా రాయ్ చెబుతాను. తయారు ప్రాజెక్ట్ కొనడం మన పిల్లల్లో మామూలైపోయింది. దాన్ని నేను పిల్లల బద్ధకం అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. చాలామంది మొదలుపెట్టి, ఏదో ఒక క్రాష్ దగ్గర ఆగి, "నాకు దిమాగ్ లేదు" అనుకుని వెళ్లి కొంటున్నారు. పక్కన "ఎక్కడ ఆగింది? మళ్లీ అక్కడే ఆగిందా?" అని అడిగే మనిషి లేక కొంటున్నారు. ఎనిమిది వేలు పోతే మళ్లీ సంపాదించుకుంటాం. నాతో కాదు అన్న మాట పిల్ల మనసులో గట్టిపడితే ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినా, రేపు తన పిల్లలకు లెక్క చెప్పబోయినా అదే అడ్డు నిలుస్తుంది.

"ఇంత తంటా ఎందుకు, తయారు ప్యాకేజీ వేసుకుంటే పోయేది కదా" అని నా దోస్త్ ఒకడు అన్నాడు. వాడి మాటలో నిజముంది. రోజువారీ పనికి ప్యాకేజీయే మేలు. ప్రతిదీ సోర్స్ నుంచి బిల్డ్ చేయడం బడాయి. కానీ జరూరత్ పడి చేసినప్పుడు మధ్యలో వదిలి పారిపోవద్దంటున్నాను. పైగా ఆ చెడ్డ స్టిక్ ప్యాకేజీ వేసుకున్నా లోపలే ఉండేది. ఏదో ఒక రోజు ప్రాజెక్ట్ రిపోర్ట్‌నో, ఇంటి ఫోటోలనో చడీచప్పుడు లేకుండా పాడుచేసేది. కంపైలర్ పడిపోయి మాకు గవాహీ ఇచ్చింది. మేము గవాహ్‌నే నేరస్థుడనుకున్నాం.

నానీ ఊళ్లో బోరు నీళ్లు ఎత్తకపోతే ముందు మోటార్‌ను తిడతారు. వైండింగ్ చేయిస్తారు, మళ్లీ కాల్తుంది, మళ్లీ చేయిస్తారు. నీళ్లు ఎంత లోతుకు దిగాయో తాడు వేసి చూసేది చివరికి. దేశంలో వాన అతి తక్కువ పడే జిల్లాల్లో ఒకటి మనది. తాడు ముందే వేయాలన్న బుద్ధి ముందు మనకే రావాలి. కళ్లెదుట ఆగినదాని మీద, కళ్లెదుట కూర్చున్నవాళ్ల మీద ఇల్జామ్ వేయడం సులువు. అమ్మాయి ఎప్పుడూ మిషన్ ముందే కనబడేది, నా స్టిక్ మూత లోపల ఉండేది.

ఆ ఎనిమిది వేలలోంచి మంచి ర్యామ్ స్టిక్ కొన్నాను, ఈసారి కొత్తది, వారంటీతో. దాన్ని ఇస్తూ, ఏ ఇద్దరి ముందు తిట్టానో ఆ ఇద్దరి ముందే మాఫీ అడిగాను. "తప్పు నీది కాదు బేటీ. నేను తొడిగిన దానిది. తెలుసుకోకుండా అన్నాను." వాళ్ల తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. అబ్బా మాఫీ అడగడం వాడు చూడటం అదే మొదటిసారి. వాడూ నేర్చుకోవాల్సిందే కదా.

మీ ఇంట్లో పిల్లో పిల్లాడో రాత్రిపూట నల్ల తెర ముందు తల పట్టుకుని కూర్చుంటే మీకు కంప్యూటర్ రానక్కర్లేదు. పక్కన కూర్చుని ఆ ఒక్క సవాల్ అడగండి: "మళ్లీ అదే చోట ఆగిందా?" మిగతా దారి పిల్లలు వెతుక్కుంటారు.

ఖుదా హాఫిజ్.